తప్పు చెయ్యని నాన్న

ఆ ఉదయం కళ్ళజోళ్ల కొట్టాయన వేసుకున్న లెక్క చాలా తేలిక. కొట్టు మధ్యాహ్నం తెరవాలి. పొద్దున్నే కూతురితో కాలేజీకి వెళ్ళి, చూపించిన కుర్చీలో కూర్చుని, చెప్పింది చేసి, లేచి రావాలి. ఇందులో పెట్టుబడి లేదు, నష్టానికి తావూ లేదు.

కూతురు బీఏ సైకాలజీ ఆఖరి ఏడాది. ఆ చదువులో ప్రాక్టికల్ పరీక్ష కొంచెం చిత్రంగా ఉంటుంది. కెమిస్ట్రీ పిల్లలకు సీసాలు కాలేజీయే ఇస్తుంది గానీ, సైకాలజీ పిల్లలు ప్రయోగానికి మనిషిని వెంట తెచ్చుకోవాలి. వస్తానన్న పిన్ని జ్వరంతో మంచమెక్కడంతో వంతు నాన్న మీద పడింది. ఈ పరీక్ష గట్టెక్కితేనే డిగ్రీ. డిగ్రీ చేతికొస్తేనే పిల్లల సలహా కేంద్రంలో ఆమెకు ఇస్తామన్న ఉద్యోగం. తప్పితే ఆమె ఏడాది ఆగాలి, ఉద్యోగం ఆగదు.

"మనుషుల మనసు తెలుసుకోడానికి కాలేజీ ఎందుకమ్మలూ, నాతో కొట్లో కూర్చో" అని మొదట్లో ఆమెను ఏడిపించింది ఈయనే. ఇప్పుడు తన చేతిమీదుగా ఆమె తప్పిందంటే ఇంట్లో తల ఎత్తుకోలేడు.

"నాన్నా, కంగారేం పడకు. ఏమీ తెలియకుండా వస్తే చాలు" అంది కూతురు దారిలో.

"నాకు కంగారేమిటి" అన్నాడాయన. ఏమీ తెలియకుండా మాత్రం రావడం లేదు.

పరీక్షకని కూతురు ఇంట్లో ఖాళీ కుర్చీకి ఎదురుగా నిలబడి సూచనలు అప్పజెప్పుకుంటుంటే ఆయన తలుపు చాటు నుంచి విన్నాడు. బల్లమీద నక్షత్రం బొమ్మ ఉంటుంది. చెయ్యి కనబడకుండా అట్ట అడ్డం ఉంటుంది. అద్దంలో చూసుకుంటూ నక్షత్రం జంటగీతల మధ్య పెన్సిల్ నడపాలి. గీత తాకితే తప్పు. ఆ తప్పు అన్న మాట ఆయన గుండెలో గుచ్చుకుంది. పరీక్ష కూతురిది, తప్పు తనది, పోయేది ఆమె మార్కులు. వ్యాపారి బుర్ర అంతవరకే లెక్క కట్టి ఆగిపోయింది.

కళ్ళజోళ్ల కొట్లో అద్దాలకు కొదవా? కౌంటరు మీది అద్దం ముందు నక్షత్రం గీసి పెట్టుకుని, అట్టపెట్టె మూత అడ్డం పెట్టుకుని సాధన మొదలుపెట్టాడు. పైకి తొయ్యబోతే పెన్సిల్ కిందికి పోయింది. మొదటి నక్షత్రం కాలికింద పడ్డ కప్పలా వచ్చింది. జోళ్ళకోసం వచ్చినవాళ్ళు ఆ వంకర గీతలు చూసి, ఈయన కళ్ళకే ఏదో అయిందనుకుని పక్క కొట్టుకు పోయారు. పోనీలెమ్మని ఊరుకున్నాడు. చివరికి కిటుకు చిక్కింది. చేతి సంగతి మరిచిపోయి అద్దంలోని పెన్సిల్ మొననే చూడాలి. మూల రాగానే ఆగాలి. ఊపిరి పీల్చుకుని తిరగాలి.

కాలేజీ వరండాలో బెంచీలనిండా పిల్లలు తెచ్చుకున్న మనుషులు. ఒక దర్జీ, ఒక బస్సు డ్రైవరు, ఒక ముసలమ్మ, ఇంకా కొందరు.

"లోపల కరెంటు షాకులిస్తారంటగా" అన్నాడు దర్జీ.

"అబ్బే, అద్దంలో చూసి నక్షత్రం గియ్యడమేనండి. కాకపోతే మనం తప్పు చేస్తే పిల్లలకి మార్కులు పోతాయి" అన్నాడు కొట్టాయన.

బెంచీలన్నీ ఒక్కసారి కదిలాయి.

"మా మనవడికి అసలే పరీక్షలంటే వణుకు. అదేదో నాక్కూడా చూపించు నాయనా" అంది ముసలమ్మ.

కొట్టాయన జేబులో చిన్న అద్దం ఎప్పుడూ ఉంటుంది. కాగితాలు పుట్టాయి, పెన్సిళ్ళు పుట్టాయి. పిలుపు వచ్చేలోగా కిటుకు బెంచీ బెంచీకీ చేరిపోయింది. మంచి సరుకు దాచుకోకూడదన్నది ఆయన నమ్మకం.

లోపల కూతురు ఆయన్ను "మీరు" అని సంబోధిస్తూ సూచనలు చదివింది. ఆయన పెన్సిల్ పట్టి, ఎక్కడా గీత తాకకుండా నక్షత్రం చుట్టి వచ్చి, మెచ్చుకోలు కోసం తలెత్తాడు. కూతురి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నాన్నా, ఇదెక్కడ నేర్చుకున్నావ్?"

"కొట్లో. బాగా రాలేదా?"

"మొదట బోలెడు తప్పులు రావాలి, చేసేకొద్దీ తగ్గాలి. నేను చూపించాల్సింది అదే" అంది గొంతు తగ్గించి.

తప్పులేగా కావాల్సింది, పోసిస్తానన్నట్టు ఆయన రెండోసారి నాలుగు చోట్ల గీత దాటాడు. చాలలేదేమోనని మూడోసారి ఇంకా దాటాడు. ఆ తర్వాత ఉదారంగా దాటాడు. కొండ దిగాల్సిన గ్రాఫు కొండెక్కింది.

వేరే కాలేజీనుంచి వచ్చిన ఎగ్జామినర్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"సాధన చేసేకొద్దీ పని చెడుతుందని కనిపెట్టావా అమ్మా?"

ఆమె నోరు విప్పేలోగా ఎగ్జామినర్ పక్కబల్లకు వెళ్ళాడు. దర్జీ మొదటి నక్షత్రంలో తప్పు లేదు. డ్రైవరుకూ లేదు. చూపు సరిగా ఆనని ముసలమ్మ ఒక్కచోట తాకింది, అందుకు మనవడికి క్షమాపణ కూడా చెప్పింది.

"తరగతి మొత్తం అంకెలు ఇంట్లో వండుకొచ్చారన్నమాట. అందరినీ తప్పిస్తున్నాను" అన్నాడు ఎగ్జామినర్.

గదిలో పెన్సిళ్ళు ఆగిపోయాయి. కొట్టాయన లేచి నిలబడ్డాడు.

"పిల్లల తప్పేం లేదు సార్. సరుకు మొత్తం చెడగొట్టింది నేను" అని, తలుపు చాటు నుంచి వరండా దాకా జరిగిందంతా చెప్పాడు.

"ఆయన్నేమీ అనకండి, ఓపిగ్గా నేర్పాడు" అంది ముసలమ్మ.

"నేర్పడమే కదమ్మా కొంప ముంచింది. ఇప్పుడు వీళ్ళు పరీక్షించడానికి ఏం మిగిలింది?" అంటూ ఎగ్జామినర్ కలం మూత తీశాడు.

"ఎడమచెయ్యి మిగిలింది సార్" అంది కూతురు. "వీళ్ళంతా నేర్చుకుంది కుడిచేత్తో. ఎడమచేత్తో గీయిస్తే, ఒక చెయ్యి నేర్చింది రెండో చేతికి ఎంత అందిందో తెలుస్తుంది."

కలం గాల్లో ఆగింది. "తెలియాలంటే అసలు నేర్చుకోని మనిషితో పోల్చాలి. ఈ వరండాలో అలాంటివాడు మిగిలాడా?"

ఆమె గదంతా చూసింది. చూపు వెనక్కి వచ్చి ఎగ్జామినర్ దగ్గరే నిలిచింది.

"మీరెప్పుడైనా గీశారా సార్?"

"ఉద్యోగంలో చేరినప్పటినుంచి గీయిస్తున్నాను."

"గీయించడం కాదు సార్."

ఎగ్జామినర్ దర్జీని చూశాడు, డ్రైవరును చూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. కుర్చీ లాక్కుని కూర్చుని, పెన్సిల్ ఎడమచేతికి తీసుకున్నాడు.

కొట్టాయన ఎడమచెయ్యి తడబడింది, రెండు చోట్ల తాకింది, అయినా క్షేమంగా ఇల్లు చేరింది. మిగతావాళ్ళూ కాస్త అటూ ఇటూగా చేరారు. ఎగ్జామినర్ పెన్సిల్ మాత్రం మొదటి మూలలోనే ఇరుక్కుని, పలుపు తెంచుకున్న దున్నలా బొమ్మ దాటి, కాగితం దాటి, బల్ల చెక్క మీదికి పోయింది. కొట్టాయనకు ప్రాణం ఒప్పలేదు. కిటుకు చెబుదామని ముందుకు వంగాడు.

"నాన్నా, మాట్లాడకూడదు."

చెడిపోతున్న పనిని చూస్తూ నోరు మూసుకు కూర్చోవడం ఆయన జీవితంలో అదే మొదలు.

కొట్టాయన గ్రాఫూ ఎగ్జామినర్ గ్రాఫూ పక్కపక్కన పెడితే తేడా కళ్ళజోడు లేకుండానే కనబడింది. మిగతా పిల్లలూ ఆమె దారే పట్టారు. ఎగ్జామినర్ చాలాసేపు చూసి, ఆమెకు మార్కులు వేసి, తరగతి మీది మాట వెనక్కి తీసుకున్నాడు. కొట్టాయన కిటికీవైపు తిరిగి, అవసరం లేకపోయినా తన జోడు తుడుచుకున్నాడు.

ఎగ్జామినర్ కూతుర్ని పక్కకు పిలిచాడు. "రిపోర్టులో ఆ నేర్చుకోని మనిషి దగ్గర నా పేరు రాయకమ్మా."

"పేర్లు రాయం సార్. వయసు, చదువు రాస్తాం, అంతే."

ఆయన తన నక్షత్రం వైపు ఇంకోసారి చూసుకున్నాడు.

"వయసొక్కటి రాయి."