ఎల్లయ్య తలకాయ పరీక్ష

పవర్‌లూమ్ షెడ్డుకు సెలవు రోజు పొద్దున తృప్తి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ్ తాగాక బాబాయి ఎల్లయ్యను ఓ గంట కూర్చోబెట్టి పరీక్ష చెయ్యాలి, రిపోర్టు రాసి పూణేలో ఉన్న మేడంకు పంపాలి, తర్వాత హాయిగా నిద్రపోవాలి. ఇందులో ఊరంతా తలదూర్చే పని ఏముందని ఆ పిల్ల అనుకుంది. చదువుకున్న పిల్లే, కానీ నేతవాళ్ళ బస్తీ నీలం నగర్‌లో పుట్టి పెరిగి కూడా అలా అనుకుంది చూడండి, అక్కడే వచ్చింది చిక్కు.

తృప్తి పూణేలో క్లినికల్ సైకాలజీ చదువుతోంది. మనసు బాగాలేని వాళ్ళను పరీక్షించే ముందు, ఏ బాధా లేని మనిషి మీద చెయ్యి తిరగాలి కదా. అందుకని సెలవులకు వెళ్ళే ప్రతి విద్యార్థీ ఒక నార్మల్ మనిషిని వెతికి పరీక్ష చేసుకురావాలని మేడం ఆజ్ఞ. తృప్తి గల్లీ మొత్తం మనసులోనే తిరిగి చూసింది. తీరా ఆమె కంటికి ఆనింది ఎల్లయ్య ఒక్కడే. టవళ్ళ షెడ్డుకు పోతాడు, వస్తాడు, జొన్నరొట్టె తింటాడు, పడుకుంటాడు. ఒకరి జోలికి పోడు.

ఆయనకు ఉన్నదల్లా ఒక్కటే కోరిక. రాఖీ పున్నమికి నేతవాళ్ళ దేవుడు మార్కండేయ స్వామి ఊరేగింపులో ఆ గల్లీ మండలి వాళ్ళు ఒక బండి మీద చేమగ్గం ఎక్కిస్తారు. బండి కదులుతుంటే దాని మీద కూర్చుని దేవుడికి బట్ట నేయాలి. ఎల్లయ్య తండ్రి నేశాడు. పవర్‌లూములు వచ్చాక ఎల్లయ్య చేతికి మగ్గమే లేకుండా పోయింది. ఎన్నో ఏళ్ళు అడగ్గా అడగ్గా ఈసారి ఆ వంతు ఆయనకు వచ్చింది. ఆ సంగతి తలుచుకుంటేనే ఆయనకు కళ్ళు చెమరుస్తున్నాయి.

ఉక్కగా ఉందని తృప్తి కిటికీ తెరిచింది. కిటికీకి ఎదురుగా యమునాబాయి గడప. ఆ గడప మీద, ఒళ్ళో చేట పెట్టుకుని యమునాబాయి బీడీలు చుడుతోంది. బీడీలు చుట్టడానికి ఆమెకు చేతులు చాలు. కళ్ళూ చెవులూ ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి.

ఆ ఖాళీ కళ్ళకు కనిపించింది ఇది. షష్ఠిపూర్తి వయసున్న ఎల్లయ్య చాప మీద కూర్చుని, తృప్తి డబ్బాలోంచి తీసిచ్చిన ఎర్రవీ తెల్లవీ చెక్కముక్కలను చంటిపిల్లాడిలా పేరుస్తున్నాడు. తర్వాత అంకెలను వెనక నుంచి ముందుకు చదువుతున్నాడు. ఇంతలో తృప్తి కాగితం చూసి అడిగింది.

"కాకా, ఎవలూ లేనప్పుడు నీకు మాటలు ఇనపడుతయా?"

"మగ్గాల మోతకు షెడ్డుల ఉన్నోళ్ల మాటలే ఇనపడయి బిడ్డా. లేనోళ్లయి ఏడ ఇనపడ్తయి?"

ఈ జవాబు వినే ఓపిక యమునాబాయికి లేదు. అలాంటి ప్రశ్న ఊరికే ఎవరూ అడగరు కదా. ఆమె చేట దించి లేచింది. మధ్యాహ్నం కంపెనీకి బీడీలు అప్పజెప్పడానికి వెళ్ళినప్పుడు తట్టతో పాటు వార్తను కూడా మోసుకెళ్ళింది. బీడీలు అక్కడే ఉండిపోయాయి, వార్త మాత్రం నలుగురు ఆడవాళ్ళతో కలిసి బలిసి వెనక్కి వచ్చింది. ఎల్లయ్య రాత్రిళ్ళు చచ్చిపోయిన తండ్రితో మాట్లాడుతున్నాడట.

సాయంత్రం ఎల్లయ్య భార్య బాలమణి నల్లా దగ్గరికి పోతే, అక్కడున్న ఆడవాళ్ళంతా పక్కకు జరిగి ఆమెను ముందు నీళ్ళు పట్టుకోమన్నారు. ఆ నల్లా దగ్గర అలాంటి అన్యాయం ఎన్నడూ జరగలేదు. బాలమణికి భయం వేసింది. యమునాబాయి ఆమె చెయ్యి పట్టుకుని, కళ్ళొత్తుకుని, ధైర్యంగా ఉండమంది. ఎందుకో చెప్పింది కూడా.

బిందె అక్కడే వదిలేసి ఇంటికొచ్చిన బాలమణి ముందు మొగుణ్ణి చూసింది. నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. రోజూ అలాగే నిద్రపోతాడు, కానీ ఆ రోజు ఆమెకు ఆ నోరు కొత్తగా కనిపించింది. నేరుగా తృప్తి దగ్గరికి పోయింది.

"మీ కాకకు అంతా మంచిగనే ఉన్నదా బిడ్డా?"

పరీక్ష చేయించుకున్న మనిషి ఒప్పుకోకుండా ఫలితం ఇంట్లోవాళ్ళకైనా చెప్పకూడదని మేడం పదే పదే చెప్పింది. తృప్తి బుద్ధిమంతురాలు. "అది ఎవలకూ చెప్పద్దు చిన్నమ్మా, రూలు" అంది.

చెప్పరాని జబ్బంటే అది ఎంత పెద్దదో బాలమణికి తెలియదా?

మర్నాడు షెడ్డులో సేఠు స్వయంగా ఎల్లయ్యకు చాయ్ ఇచ్చి, మిషన్ దగ్గరికి పోవద్దు, ఓ పక్కన కూర్చుని టవళ్ళు మడతపెట్టమన్నాడు. ఎల్లయ్యకు కోపం వచ్చి అరిచాడు. అరుస్తున్నాడు చూశారా అన్నారు. నోరు మూసుకున్నాడు. ఉలకడు పలకడు చూశారా అన్నారు. ఇదేం ఖర్మరా అని నవ్వాడు. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. ఈ లోకంలో పిచ్చివాడు కానని నిరూపించుకోవడానికి ఇంకేదైనా దారి ఉంటే ఎవరైనా ఎల్లయ్యకు చెప్పి పుణ్యం కట్టుకోవచ్చు.

తృప్తి ఇంటింటికీ తిరిగి, బాబాయి బాగున్నాడు కాబట్టే ఆయన్ను ఎంచుకున్నానని మొత్తుకుంది. మంచిగున్నవాణ్ణి పరీక్ష చేయడం ఎందుకని అడిగారు. పాపం, ఆ ప్రశ్నకు ఆమె పుస్తకాల్లో ఉన్న జవాబు ఏదీ ఆ గల్లీలో పనికిరాలేదు.

ఆ సాయంత్రమే మండలి పెద్ద నర్సప్ప అరటిపళ్ళు పట్టుకుని పరామర్శకు వచ్చాడు. వెనకాలే పదిమంది. ఆయన ఎల్లయ్య ముందు కూర్చుని, చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా, నెమ్మదిగా అడిగాడు.

"ఎల్లయ్యా, నేను ఎవల్ని?"

"పోయినేడు నా నిచ్చెన తీస్కపోయి మళ్ల తేనోనివి."

నర్సప్ప విచారంగా అందరివైపూ చూశాడు. పాత సంగతులే గుర్తుంటున్నాయని తేల్చాడు. ఈ పరిస్థితిలో బండి మీద మగ్గం సంగతి మండలి మళ్ళీ ఆలోచించాలన్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఎల్లయ్య అరటిపళ్ళను పక్కకు నెట్టాడు. "నిజం చెప్పు బిడ్డా, నాకేమన్న అయిందా?" అని మెల్లగా అడిగాడు. ఆయనకు చెప్పడానికి ఏ రూలూ అడ్డం లేదు. "ఏం కాలే కాకా, నాకంటే మంచిగున్నవ్" అని చెప్పి, తృప్తి తనే ఏడ్చింది.

మరుసటి రోజు నర్సప్ప ఇంటి ముందు మండలి కూర్చుంది. ఎల్లయ్యకు విశ్రాంతి అవసరమనీ, ఆయన బదులు తన తమ్ముడి కొడుకు గణేశ్ బండెక్కుతాడనీ నర్సప్ప ఎంతో దయగా ప్రకటించాడు. గణేశ్ చేమగ్గాన్ని రెండుసార్లు ముట్టుకున్నాడు, రెండుసార్లూ ఫొటో కోసమే.

నువ్వు సరేనంటే ఫలితం అందరికీ చెప్పేస్తానని తృప్తి బాబాయి చెవిలో అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇన్నేళ్ళు కళ్ళముందు బతికిన మనిషి మంచోడని కాగితం చూపిస్తే గానీ నమ్మని వాళ్ళకు చెప్పేదేమిటని ఆయన రోషం. లేచి నిలబడ్డాడు.

"నర్సన్నా, దేవుని బట్ట నేసెటోని తలకాయ మంచిగుండాలె. బరోబర్. నాది చూసిండ్రు. గణేశ్‌ది ఎవలు చూసిండ్రు?"

ఆయన తృప్తి వెంట తెచ్చుకున్న పరీక్ష డబ్బా వైపు చెయ్యి చూపించాడు.

"మా బిడ్డ ఈడనే ఉన్నది. డబ్బా తెచ్చింది. కూసో గణేశ్, గంట పట్టదు."

గణేశ్ తృప్తి చేతిలో ఉన్న చెక్కముక్కల డబ్బా చూశాడు. తర్వాత ఎదురు అరుగు వైపు చూశాడు. యమునాబాయి అప్పటికే చేట ఒళ్ళో పెట్టుకుని సర్దుకుని కూర్చుంది. ఆ డబ్బా ముందు కూర్చున్నవాడి గతి రేపటికల్లా ఏమవుతుందో గల్లీకి బాగా తెలుసు, ఆ గతి పట్టించింది గల్లీయే కాబట్టి. గణేశ్ తనకు నడుం నొప్పి ఉందన్నాడు. పక్కనున్నాయనకు పాలకు పోయే వేళైంది. ఇంకొకాయన చెప్పకుండానే పోయాడు. చివరికి నర్సప్ప గొంతు సవరించుకుని, ఒకసారి ఇచ్చిన మాట మార్చడం మండలికి మర్యాద కాదన్నాడు. చీకటి పడకముందే నిచ్చెన కూడా తిరిగొచ్చింది.

రాఖీ పున్నమి రోజు ఎల్లయ్య కొత్త ధోవతి కట్టుకుని బండెక్కాడు. బండి కుదుపుల మధ్య, నూలు కండె ఉన్న నాడె మగ్గంలో అటూ ఇటూ పోతుంటే తండ్రి పక్కనే కూర్చున్నట్టనిపించి, జనం చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా కన్నీళ్ళతోనే నేశాడు. బాలమణి బండి పక్కనే నడిచింది. గుంపులో యమునాబాయి ముక్కు చీది, "ఎంత జబ్బున్నా చెయ్యి మాత్రం మర్వలే, పాపం" అని అందరికీ వినిపించేలా అంది.

ఆ సందడి మధ్యే తృప్తి ఫోనుకు మేడం మెసేజ్ వచ్చింది. సొంత బాబాయిని పరీక్షించి పంపిన రిపోర్టు చెల్లదని, చుట్టం కాని మనిషి మీద మళ్ళీ చేసి పంపమని, మీ గల్లీలో నార్మల్ మనుషులు ఇంకెవరూ లేరా అని.

తృప్తి ఊరేగింపును ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి చూసి, లేరని రాసి పంపింది.