పెట్టె పట్టుకున్నవాడు

చెల్లెల్ని తొమ్మిదింటి బస్సెక్కించి వచ్చి, తలుపు వేసుకుని తనివితీరా ఏడవాలన్నది ఆ పొద్దున అక్కగారి ఏర్పాటు. ఎవరు గడప దాటినా ఆవిడకి ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే తోడుగా కుండీలోని నిమ్మమొక్క మీద దొరికిన ఒక గొంగళిపురుగుని సీసాలో పెట్టి, లేతాకులు వేసి పెంచుతోంది.

పెట్టె ఎత్తబోయిన చెల్లెలు ఆగిపోయింది. సీసాలోంచి తప్పించుకున్న పురుగు పెట్టె పిడిమీద పట్టుదారంతో నడుము బిగించుకుని, చర్మం విడిచి, ఆకుపచ్చటి ప్యూపాగా మారిపోయింది.

"పీకి ఇంకోచోట అంటించకూడదా?"

"పీకితే చచ్చిపోడూ? పన్నెండు రోజుల్లో తనే వెళ్తాడులే" అంది అక్కగారు, సంతోషం పైకి కనపడకుండా.

చెల్లెలు మొగుడికి ఫోన్ చేసింది. "ఇవాళ రావడం కుదరదండీ. ఒకడు పెట్టె పట్టుకుని వదలడం లేదు."

"ఎవడు వాడు?"

"అక్క పెంచుతున్నవాడే. ఒంటిమీదది విప్పేసి, నడుముకి దారం బిగించి, పెట్టెకి కట్టేసుకున్నాడు."

"మీ బావగారేం చేస్తున్నారు?"

"కాఫీ తాగుతున్నారు."

మధ్యాహ్నానికల్లా మరిదిగారు ఒక కానిస్టేబుల్‌ని వెంటేసుకుని దిగారు.

"ఎక్కడ వాడు?" అన్నాడు కానిస్టేబుల్.

"మెల్లగా నాయనా. ఇప్పుడే సర్దుకున్నాడు" అని అక్కగారు పెట్టె చూపించింది.

కానిస్టేబుల్ వంగి చాలాసేపు చూశాడు. "కొరుకుతాడా?"

"ఇప్పుడు నోరే లేదు."

"నోరు లేనివాణ్ణి ఏమని విచారిస్తామండీ?" అని అతను వెళ్ళిపోయాడు.

మరిదిగారు మొహం చెల్లక ఆ పూటకి ఉండిపోయారు. మర్నాడు భూతద్దం కొన్నారు. మూడోనాడు గాలి తగులుతోందని ఫ్యాను ఆపించారు. ఐదోనాటికి బావగారి పడక్కుర్చీ పెట్టె ఎదురుగా వేయించుకుని, ఇంట్లో ఎవరూ తుమ్మకూడదన్నారు. కాఫీ మాత్రం గంటగంటకీ కుర్చీ దగ్గరికే రావాలి. అక్కగారు వంటింట్లోంచి క్యాలెండరు వంక చూడటం మొదలుపెట్టింది.

పన్నెండోనాడు పొద్దున్నే ప్యూపా చిట్లింది. బయటికొచ్చిన సీతాకోకచిలుక ముడతలు పడ్డ రెక్కలు ఆరబెట్టుకుని, కిటికీలోంచి చక్కా పోయింది. చెల్లెలు భయంభయంగా అక్క మొహం చూసింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. అక్కగారు పెట్టె ఎత్తి తనే గుమ్మం దాకా మోసింది.

"తొమ్మిదింటి బస్సుందే. బయల్దేరండి."

మరిదిగారు కుర్చీలోంచి కదల్లేదు. "తొందరేముంది వదినగారూ? నిమ్మమొక్క మీద ఇంకో ఏడుగురున్నారు. నిన్ననే గుడ్లలోంచి వచ్చారు. నెల్లాళ్ళు దగ్గరుండి చూసుకోవాలి."

తొమ్మిదింటి బస్సుకి అక్కగారు మూడు టిక్కెట్లు తీసింది. మూడోది నిమ్మమొక్కకి.