మాట వినే గది

"ఇక నుంచి మన పాలనలో పిల్లలు మాట్లాడతారు, ప్రభుత్వం వింటుంది" అని మంత్రిగారు ప్రకటించారు. ఆ ప్రకటన చేస్తున్నప్పుడు సభలో ఒక పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, మైకుకు అడ్డం వస్తోందని బిడ్డనూ తల్లినీ బయటికి పంపేశారు. మర్నాడు పత్రికలన్నీ ఆ మాటను మొదటి పేజీలో వేశాయి. ఏడుపు గురించి ఎవరూ రాయలేదు. అది ప్రసంగంలో భాగం కాదు కదా.

మంత్రిగారి నోట పలికిన ఆ వాక్యాన్ని ముందుగా రాసిచ్చింది బాలల సంక్షేమ అధికారి. ఆఫీసులో అందరూ ఆయన్ని మాన్యువల్ గారు అంటారు. ఎదురుగా అనరు, వెనకాల అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు, తెలిసి లోలోపల కాస్త పొంగిపోతుంటారు కూడా. పిల్లల మీద హింసను ఆపడానికి లోకంలో ఎక్కడెక్కడ ఏమేం చేసి ఫలితం సాధించారో అవన్నీ పోగేసి ఆయనొక లావుపాటి మాన్యువల్, అంటే ఏది ఎలా చెయ్యాలో చెప్పే పుస్తకం, తయారుచేశారు. అందులో ఒక్క అబద్ధం లేదు. అన్నీ ఎవరో ఒకరు చేసి చూసినవే. మాన్యువల్ గారు మాత్రం ఒక్కటీ చేసి చూడలేదు. పుస్తకం పూర్తయ్యేసరికే రిటైర్మెంటు దగ్గరపడింది.

"పిల్లలతో ఎలా మాట్లాడాలో అంత పుస్తకం రాశారు. మన వాడు మీతో మాట్లాడి ఎన్నాళ్లయింది?" అని భార్య ఒకసారి అడిగింది.

"వాడు కాలేజీకెళ్తున్నాడు. నా పరిధి పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు."

"లోపున్నప్పుడు మాత్రం ఏం మాట్లాడారు?"

క్షేత్రస్థాయి నుంచి వచ్చిన ఇంత విలువైన అభిప్రాయాన్ని రెండో ముద్రణలో చేర్చాలని మాన్యువల్ గారు అనుకున్నారు. అనుకోవడంలో ఆయన్ను మించినవాళ్లు ఆ శాఖలో లేరు.

పుస్తకంలో లేని పద్ధతి ఒక్కటి మాత్రం ఆయన సొంత బుర్రలోంచి పుట్టింది. ఏ పిల్ల గురించి ఫిర్యాదు వచ్చినా, గంటలోపు ఆ పిల్లను పెంచుతున్నవాళ్లకు ఫోన్ చేసి చెప్పెయ్యాలి. దీనికి పారదర్శకత అని పేరు పెట్టారు. షీల్డు కూడా వచ్చింది. ఫోన్ అందుకున్నవాళ్లు వెంటనే పిల్లలను తీసుకుపోతుండడంతో పెండింగ్ కేసులు బాగా తగ్గిపోయాయి.

ఇక పిల్లల మాట వినడానికని ఆఫీసులో కట్టించిన గది సంగతి. అది నిజంగానే మంచి గది. లేతపసుపు గోడల మీద మబ్బులు వేయించారు. పిల్లల ఎత్తుకు సరిపోయే చిన్న కుర్చీలు, మెత్తటి తివాచీ, కవరు తియ్యని ఎలుగుబంటి బొమ్మ, గోడలో కనపడకుండా అమర్చిన రికార్డరు. బాధలో ఉన్న పిల్ల అక్కడ కూర్చుని తన నోటితో చెప్తే, అది రికార్డయితే, ఇక ఆ పిల్లను ఇంటికి పంపకుండా ఆపే అధికారం ఆఫీసుకు వస్తుంది. అంతకుముందు ఈ పని జిరాక్సు మెషీను పక్కన కూర్చుని చేసేవారు. గది కట్టాక, ఇక వేరే ఎక్కడా వినకూడదని ఆర్డరు వచ్చింది. గదికేమో తాళం. మంత్రిగారు ప్రారంభించేదాకా ఎవరూ అడుగుపెట్టకూడదు. కాబట్టి కొన్ని నెలలుగా ఏ పిల్ల మాటా ఎవరూ వినలేదు. ఫిర్యాదుల గ్రాఫు జర్రున కిందికి దిగింది. అది చూసి మంత్రిగారు, గది తెరవకముందే ఇంత పనిచేస్తోందా అని ఆశ్చర్యపోయారు.

చివరికి ప్రారంభోత్సవం రోజు రానే వచ్చింది. పొద్దున్నే, ఇంకా బెలూన్లు ఊదుతుండగానే, మూడో తరగతికి పాఠాలు చెప్పే ఒక టీచరు ఒక పాప చెయ్యి పట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

"సార్, నేనేమీ అడగలేదు. తనంతట తనే చెప్పింది. అమ్మానాన్నా లేరు, పెదనాన్న ఇంట్లో ఉంటుంది. ఆయన సామాన్ల గదిలో పెట్టి గొళ్లెం వేస్తాడట. చెయ్యి చూడండి."

పాప చొక్కా చెయ్యి కొంచెం పైకి జరిపింది. కమిలిన మచ్చలు. మాన్యువల్ గారు చూపు పక్కకు తిప్పుకున్నారు. పుస్తకం కోసం ఇలాంటివి ఆయన ఎన్నో చదివారు, కానీ కాగితం మీద రంగు ఉండదు. ఆయన మంచి మనిషే. ఆ మంచితనం వల్ల ఇంతవరకూ ఎవరికీ ఏ ఉపయోగమూ కలగలేదు, అంతే.

"ఈ రోజే వినాలి సార్. లేకపోతే సాయంత్రం మళ్లీ ఆ ఇంటికే పోవాలి" అంది టీచరు.

"తప్పకుండా. గది తెరవగానే మొదటి మాట ఈ పాపదే."

"ఎప్పుడు తెరుస్తారు?"

"మంత్రిగారు రాగానే."

"ఆయనెప్పుడొస్తారు?"

"అంతా సిద్ధం కాగానే."

"సిద్ధంగానే ఉంది కదండీ?"

"మంత్రిగారు రావాలి" అన్నారు మాన్యువల్ గారు. ఇంతకంటే స్పష్టంగా ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు.

పాప ఆయన వంక పరీక్షగా చూసింది. "ఆ గదిలో ఎవరుంటారు సార్?"

"నేనే ఉంటానమ్మా."

"వింటారా?"

"వింటాను."

"మా టీచర్‌లాగా వింటారా, పెద్దవాళ్లలాగా వింటారా?"

"టీచర్‌లాగే" అన్నారాయన. అన్నాక తన మీద తనకే ముచ్చటేసింది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక పిల్లకు ఆయన నేరుగా మాటివ్వడం అదే మొదటిసారి.

ఆ ముచ్చట తీరకముందే గుమాస్తా వచ్చాడు. "సార్, పద్ధతి ప్రకారం ఆ పాప పెదనాన్నకు ఫోన్ కొట్టేశాను. బయల్దేరాడు. గంట కాదు సార్, పావుగంట కూడా పట్టలేదు."

"శభాష్" అన్నది ఆయన నోరు. మనసు అడ్డుపడేలోపే నోరు పని కానిచ్చేయడం ఆయనకు మొదట్నుంచీ ఉన్న నైపుణ్యం.

ఇంతలో ఇంకో ఉపద్రవం. గదిలో పిల్లలతో ఎలా మాట్లాడతారో మంత్రిగారి ముందు చేసి చూపించాలి. నిజంగా బాధపడిన పిల్లలను కెమెరాల ముందు పెట్టకూడదని మాన్యువల్ గారి పుస్తకంలోనే ఉంది. అందుకని గుమాస్తా కూతురికి పాత్ర ఇచ్చారు. "నాకీ గది చాలా నచ్చింది. ఇక్కడ నాకు ధైర్యంగా ఉంది" అనే డైలాగు ఆ పిల్ల నిద్రలో కూడా చెప్పేలా తయారైంది. సరిగ్గా ఆ పొద్దున బిస్కెట్ కొరుకుతుంటే ముందు పన్ను ఊడింది.

మంత్రిగారి పీఏ వచ్చి ఆ పిల్లను నవ్వమన్నాడు. నవ్వింది.

"పన్నేది?"

"ఇప్పుడే ఊడింది సార్. ఈ వయసులో ఊడేదే."

"టీవీలో బోసిగా కనిపిస్తే పోషకాహార లోపం అంటారు. ఆ శాఖ మనది కాదు. వాళ్ల నింద మనమెందుకు మొయ్యాలి?" అంటూ పీఏ వరండాలోకి తొంగిచూశాడు. బెంచీ మీద టీచరు తెచ్చిన పాప ఒద్దికగా కూర్చుని ఉంది. టీచరు పాపకు మంచినీళ్లు తేవడానికి కిందికి వెళ్లింది. "ఆ పాప బాగుందే. ఎవరు?"

"ఆ పాప నిజం పాప సార్."

"పాపలందరూ నిజమే కదయ్యా."

"అంటే, కేసు పాప."

"ఎవరికీ చెప్పకండి. రెండు ముక్కలు చెప్తే అయిపోతుంది. మంత్రిగారు వెళ్లాక అదే గదిలో మీ కేసు వినేసుకోండి. గది దొరకలేదని కదా మీ బాధ?"

మాన్యువల్ గారు ఆలోచించారు. మంత్రిగారికి పాప దొరుకుతుంది, పాపకు గది దొరుకుతుంది. పైగా పెదనాన్న వచ్చేలోపు లోపల ఉంటుంది. తప్పు చేసేటప్పుడు దానికి మూడు మంచి కారణాలు వెతికి పెట్టుకోవడం ఆయన అలవాటు. ఈసారి మూడూ వెంటనే దొరికాయి. పాపను లోపలికి తీసుకెళ్లి, గది బాగుందని చెప్తే చాలమ్మా అని చెప్పారు. పాప తల ఊపింది.

మంత్రిగారు వచ్చారు, రిబ్బన్ కత్తిరించారు. ఆయన కోసం లోపల ఒక పెద్ద సోఫా వేశారు. పిల్లల కళ్లకు సమానమైన ఎత్తులో కూర్చోవాలన్నది పద్ధతి కనుక మాన్యువల్ గారు చిన్న కుర్చీలో కూర్చున్నారు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఆ భంగిమలో తను ఒక నిపుణుడిలా లేననీ, మడతపెట్టి అటక మీద పెట్టిన గొడుగులా ఉన్నాననీ ఆయనకే అనిపించింది. చుట్టూ నాయకులు, అధికారులు, ఫొటోగ్రాఫర్లు.

"ఈ గది ఎలా ఉందమ్మా?" అని ఆయన మొదలుపెట్టబోయారు.

"ఆగవయ్యా, నేనడుగుతా" అన్నారు మంత్రిగారు. సోఫాలోంచి ముందుకు వంగారు. "చెప్పు తల్లీ. నీకేం కష్టమొచ్చింది?"

పాప మాన్యువల్ గారి వైపు తిరిగింది. "చెప్పనా సార్?"

ఆయన తల ఊపారు. ఎందుకు ఊపారో ఆయనకే తెలియదు. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆ తలకు వేరే పని లేదు.

"మా పెదనాన్న నన్ను సామాన్ల గదిలో పెట్టి గొళ్లెం పెడతాడు. లోపల లైటుండదు. ఏడిస్తే తలుపు తీసి బెల్టుతో కొడతాడు. అప్పుడు పెద్దమ్మ టీవీ సౌండు పెంచుతుంది."

మంత్రిగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫొటోగ్రాఫర్లు ఒకరినొకరు తోసుకుంటూ ఆ నీళ్లను ఫొటోలు తీశారు. కన్నీళ్లు తుడుచుకుని మంత్రిగారు చప్పట్లు కొట్టారు. అది చూసి అందరూ కొట్టారు.

"ఆహా! ఏం చేసిందయ్యా! ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు సార్" అన్నారు మాన్యువల్ గారు.

"చూశారా, సహజ నటి!"

"సార్, అది నిజం సార్."

"నేననేదీ అదే. నిజంలాగే ఉంది."

"నిజంలాగా కాదండీ, ఆ పాప..."

పీఏ గట్టిగా దగ్గాడు. నిజం పాపను కెమెరాల ముందు కూర్చోబెట్టింది ఎవరు అనే ప్రశ్న ఆ దగ్గులో ఉంది. సస్పెన్షను ఉంది. రిటైర్మెంటు నాడు ఇచ్చే వీడ్కోలు సభ ఉంది. మాన్యువల్ గారు తెరిచిన నోరు మూసుకున్నారు. మంత్రిగారు వెళ్లాక, తలుపు వేసి, తీరిగ్గా, టీచర్‌లాగా వింటే సరిపోతుందనుకున్నారు.

అప్పుడే పెద్ద ఛానల్ కెమెరామన్ రొప్పుకుంటూ వచ్చాడు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడట. "సార్, మాకు పాప మాటల బైటు దొరకలేదు. ఇంకొక్కసారి సార్."

"దానికేం భాగ్యం!" అన్నారు మంత్రిగారు. "ఏమయ్యా, ఈసారి నువ్వడుగు. నేను వింటున్నట్టు కనపడాలి."

"సార్, రికార్డరు కూడా ఇందాక వెయ్యడం మర్చిపోయాం. ఇప్పుడు వేస్తాను" అని గుమాస్తా గోడ దగ్గరికి వెళ్లి స్విచ్ నొక్కాడు. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఒక మనిషిని మర్యాదగా లోపలికి తీసుకొచ్చి ముందు వరసలో కుర్చీ వేశాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. "పాప పెదనాన్నగారు సార్" అని మాన్యువల్ గారి చెవిలో చెప్పాడు. ఆ మనిషి అందరికీ నమస్కారం పెట్టి, పాపను చూసి చిన్నగా నవ్వాడు.

పాప కాళ్లు కుర్చీ కిందికి లాక్కుంది. గుమ్మం అవతల టీచరు, చేతిలో నీళ్ల సీసాతో, లోపలికి రానివ్వమని బందోబస్తు పోలీసులతో వాదిస్తోంది. ఏం చెప్తోందో వినపడటం లేదు.

"సార్" అన్నారు మాన్యువల్ గారు. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "పిల్లల్ని ఒకే మాట రెండుసార్లు అడగకూడదండీ. మొదటిసారి తప్పు చెప్పామేమో అనుకుని మార్చేస్తారు."

"ఎవరన్నారు?"

"పుస్తకంలో ఉందండీ."

"ఆ పుస్తకాన్ని విడుదల చేసిందెవరు?"

"తమరే."

"మరింకేం? అడుగు."

ఇది చాలు, ఇక నేను అడగను అని లేచి నిలబడాలనుకున్నారు మాన్యువల్ గారు. లేవబోయారు కూడా. చిన్న కుర్చీ నడుముకు పట్టేసి ఆయనతోపాటు లేచింది. నాయకులు నవ్వారు. మళ్లీ కూర్చున్నారు. కూర్చున్నాక ఆ ధైర్యం ఎటు పోయిందో కనపడలేదు.

"ఇంట్లో నిన్నెలా చూసుకుంటారమ్మా?" అని అడిగారు. ఎంతో మృదువుగా అడిగారు. ఆయన పుస్తకంలో ఎలా అడగాలని ఉందో అచ్చం అలాగే.

పాప కెమెరాను చూసింది. ముందు వరసను చూసింది. చివరికి ఆయన మొహంలోకి చూసింది. అక్కడ ఏం కనపడిందో మరి.

"బాగా చూసుకుంటారు సార్. పెదనాన్న మంచివాడు. నాకు బిస్కెట్లు కొనిపెడతాడు."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మంత్రిగారు పెదవి విరిచారు. "ఇందాకటిదే బాగుందయ్యా. ఇందులో ఫీలింగ్ లేదు."

"మాకిది చాలు సార్, క్లియర్‌గా వచ్చింది" అన్నాడు కెమెరామన్.

గుమాస్తా గోడ దగ్గర్నుంచి సంతోషంగా వచ్చాడు. "సార్, రికార్డరులో కూడా శుభ్రంగా పడింది. కేసుకు ఇదే పెట్టేసుకుందాం. మళ్లీ కూర్చుని వినే పని తప్పింది."

ఇస్త్రీ చొక్కా మనిషి లేచి వచ్చి, మంత్రిగారికి ఇంకోసారి నమస్కారం పెట్టి, పాప చెయ్యి పట్టుకున్నాడు. మచ్చలున్న చెయ్యే. "రా తల్లీ, ఇంటికెళ్దాం" అన్నాడు. పాప రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి మాన్యువల్ గారిని అడిగింది.

"ఈసారి కరెక్టుగా చెప్పానా సార్?"

మంత్రిగారు చూస్తున్నారు. పీఏ చూస్తున్నాడు. గుమ్మం దగ్గర టీచరు వాదన మానేసి చూస్తోంది.

"చాలా బాగా చెప్పావమ్మా" అన్నారు మాన్యువల్ గారు.