పరిశీలనలో ఉన్న సవరణ

లోకంలోని ప్రోగ్రాములన్నింటిలో తప్పులు పట్టే డీబగ్గర్‌లో తప్పులుండవనీ, ఉన్నా వాటిని పట్టడానికి ఒక పద్ధతంటూ ఉంటుందనీ స్వచ్ఛంద డీబగ్గర్ నిర్వాహక మండలి ఏనాడో తీర్మానించింది. (తీర్మానం నెగ్గింది. పద్ధతి పరిశీలనలో ఉంది.)

స్ఫాక్స్ రేవు పట్టణంలోని పాలిటెక్నిక్‌లో సాయంత్రం క్లాసులు చెప్పే ఉల్ఫాకు ఈ తీర్మానం సంగతి తెలియదు. ఫోల్డరుకు అరబీలో పేరు పెడితే డీబగ్గర్ గుడ్లు తేలేస్తుందని మాత్రం తెలుసు. పగలు రేవులో పనిచేసి సాయంత్రం చదువుకునే గైత్ ఒకరోజు అడగనే అడిగాడు.

"మేడమ్, నా పేరు నా అక్షరాల్లో రాసుకుంటే దీనికేం నొప్పి?"

ఆ మాట ఆమెకు చురుక్కున తగిలింది. "ఉండు, దీని సంగతి నేను చూస్తా" అని మాటిచ్చేసింది.

మండలికి రాస్తే కార్యదర్శి యోర్గెన్ గారు ఎంతో మర్యాదగా జవాబిచ్చారు: "ఫోల్డరు పేరు మార్చుకోండి. లేదా మీరే సరిచేసి పంపండి."

ఉల్ఫా రెండోదానికి నడుం కట్టింది. డీబగ్గర్‌ను మూల కోడ్ నుంచి కట్టుకోవాలంటే, ఆ కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కొత్త కంపైలర్ కావాలి. కొత్త కంపైలర్‌ను కట్టాలంటే దానికన్నా కాస్త పాతది కావాలి. ఆమె దగ్గరున్నది మరీ పాతది. ఆగస్టు ఎండకు తోడు లాప్‌టాప్ కూడా సెగలు కక్కింది.

"ఏమోయ్, ఇంకా కాలేదా? ఈపాటికి కుస్కుస్ ఉడికి చల్లారేది కూడానూ" అన్నాడు భర్త మొంధర్.

"కుస్కుస్ వండేముందు నువ్వు గిన్నె పోతపోసుకుంటావా? నేను పోసుకుంటున్నా. నోర్మూసుకుని ఆ ఫ్యాను ఇటు తిప్పు."

చివరికి తప్పు దొరికింది. ఒక్క లైను. దిద్ది పంపింది. నియమం ప్రకారం దాన్ని ఫోల్డరు పేర్ల విభాగం నిర్వాహకుడు ఆమోదించాలి. (ఆయన మేకలు పెంచుకోవడానికి వెళ్లిపోయారు. రాజీనామా పరిశీలనలో ఉంది.) ఉల్ఫా వారం వారం గుర్తుచేసింది. ఆ పట్టుదలకు ముచ్చటపడిన మండలి, ఆ విభాగానికి ఆమెనే ఏకైక నిర్వాహకురాలిగా నియమించింది. మొంధర్ వీధంతా మక్రూద్ మిఠాయి పంచాడు.

మర్నాడు ఆమె సంబరంగా తన సవరణను తెరిచింది. అడుగున నియమం ఉంది: ఎవరి సవరణను వారే ఆమోదించుకోరాదు.

ఆ సాయంత్రం గైత్ మొహమంతా నవ్వుతో వచ్చాడు. "మేడమ్, ఇప్పుడు అక్కడ పెద్ద మీరేనటగా! ఇంకేం, మన పని అయిపోయినట్టేగా?"

ఉల్ఫాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కళ్లద్దాలు సర్దుకుని, ఎంతో మర్యాదగా చెప్పింది.

"పరిశీలనలో ఉంది గైత్. అందాకా నువ్వే ఆ ఫోల్డరు పేరు మార్చుకో."