ఫ్లెక్సీ లేని పుట్టినరోజు

మచిలీపట్నం సాగరతీర కాలనీ వాసులకు ఆ గురువారం పొద్దున్నే ఒక దుర్వార్త అందింది. నాలుగో వీధిలో ఉంటున్న కిరణ్ కుమార్, శ్రీవిద్య దంపతుల ఏకైక కుమార్తె చిరంజీవి అక్షిత ఏడవ జన్మదినం వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు వారి సొంత ఇంట్లోనే, ఎటువంటి ఏర్పాట్లూ లేకుండా జరుపబడునని కన్నతల్లే స్వయంగా కాలనీ వాట్సాప్ గ్రూపులో ప్రకటించింది.

"పాప పుట్టినరోజుకి పెద్దగా ఏమీ చేయడం లేదండీ. మీ పిల్లల్ని రెండు గంటలు ఆడుకోవడానికి పంపండి, చాలు. కానుకలేవీ వద్దు." ఇదీ ఆ ప్రకటన పూర్తి పాఠం. గులాబీ పువ్వు పెట్టి శుభోదయం అంటే నలభై మంది జవాబిచ్చే గ్రూపు అది. ఈ ప్రకటన చదివి మూడు గంటలపాటు మౌనం పాటించింది. ఆ తర్వాత ఎవరో చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టారు. వెనకాలే ఇంకో పదిహేడు జతల చేతులు వచ్చాయి.

శ్రీవిద్య ఇంత దారుణానికి ఎందుకు ఒడిగట్టిందో తెలియాలంటే నిరుడు జరిగిన ఆరో పుట్టినరోజు సంగతి చెప్పాలి. దాన్ని గుడివాడ నుంచి వచ్చిన ఈవెంట్ల ప్రసాద్ దిగ్విజయంగా నిర్వహించాడు. వీధి మొదట్లో కట్టిన ఫ్లెక్సీలో పాప బొమ్మ కింద ముప్ఫై ఇద్దరు బంధువుల గుండ్రటి ఫొటోలు వేయించాడు. తన ఫొటో బావమరిది ఫొటో కన్నా అంగుళం చిన్నదైందని ఒక పెద్దాయన ఆ రోజు నుంచి ఈ ఇంటి గడప తొక్కలేదు. ఫంక్షన్ హాల్లో పాపని హంస మీద కూర్చోబెట్టి పొగలోంచి తెచ్చారు. పొగకి పాప దగ్గింది, ఏడ్చింది, ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. కేకు కోయడానికి ఒకసారి, కెమెరాలో పడలేదని రెండోసారి ఆ పిల్లని లేపారు. మూడంతస్తుల కేకులో కింది రెండంతస్తులూ థర్మోకోలు. పై అంతస్తులో పాప వంతుకి వచ్చిన ముక్కని మేనమామ ప్రేమగా ఆమె మొహానికే పూశాడు. పిల్ల రుచి చూసింది బుగ్గ మీదినుంచి జారి పెదవి దాకా వచ్చినంత మాత్రమే.

అందుకే ఈసారి శ్రీవిద్య ఎవరూ చేయని పని చేసింది. నీకేం కావాలే అని పిల్లనే అడిగింది.

"కేకు నేనే కలపాలి. గిన్నె నేనే నాకాలి. హారికా వాళ్లూ రావాలి. దాగుడుమూతలు ఆడాలి" అంది అక్షిత.

ఇంత తేలిక పనా అని శ్రీవిద్య ప్రాణానికి హాయిగా అనిపించింది. తల్లీకూతుళ్లు ఇద్దరూ పక్కవీధిలో కడుతున్న ఇంటి దగ్గర డబ్బాడు ఇసుక అడిగి తెచ్చుకుని జల్లించారు. కుక్కరు అడుగున ఇసుక పోసి కేకు పొంగించడం ఆవిడకి తెలుసు. తన కుక్కరు చిన్నదని ఎదురింటి నాగమల్లేశ్వరి దగ్గర పది లీటర్లది అరువు తీసుకుంది. నాగమల్లేశ్వరి హారికకి తల్లి, కాలనీ మొత్తానికి వార్తాసంస్థ.

కుక్కరు ఇచ్చి పంపిన నాగమల్లేశ్వరి గుమ్మంలోనే నిలబడిపోయి ఆలోచించింది. ముగ్గురున్న ఇంటికి పది లీటర్ల కుక్కరెందుకు? ఊరి నుంచి జనం దిగుతున్నారన్నమాట. కిరణ్ కుమార్ వారం రోజులుగా గడ్డం గీసుకోవడం లేదు. (మెడ కింద చెమటపొక్కులు లేచాయని ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.) వీధి మొదట్లో ఫ్లెక్సీ లేదు. ఈవెంట్ల ప్రసాద్ నాగమల్లేశ్వరికి ఫోన్ చేసి, మూడుసార్లు అడిగినా ఈ ఏడు ఈవెంట్ వద్దన్నారండీ, మంచి పార్టీ, ఏం కష్టం వచ్చిందో పాపం అని వాపోయాడు. ఇక అనుమానం లేదు. ఆ ఇంట్లో మైల వచ్చింది.

మరి పోయిందెవరు? కోడూరులో పెద్దకొడుకు దగ్గర ఉండే కిరణ్ కుమార్ తల్లి దుర్గాంబగారు పోయిన నెలే బందరు వచ్చి కంట్లో శుక్లాలు తీయించుకుని వెళ్లింది. డెబ్బై రెండేళ్లు. సరిపోయింది. ఇలా సాగరతీర కాలనీ శుక్రవారం మధ్యాహ్నానికల్లా దుర్గాంబగారిని స్వర్గస్థురాల్ని చేసింది. చావు జరిగిన ఇంట పిల్లల్ని ఆటకి పిలవడమేమిటన్న ప్రశ్నకు కూడా సమాధానం దొరికింది. పసిపిల్లకి నానమ్మంటే ప్రాణం. పుట్టినరోజు గడిచేదాకా దాస్తున్నారు. కాబట్టి ఎవరూ ఆ మాట పైకి ఎత్తకూడదనీ, పరామర్శకి పెద్దలు మాత్రమే వెళ్లాలనీ, అటువంటి ఇంటికి పిల్లల్ని పంపరాదనీ కాలనీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇంత సున్నితమైన మనసులు ఒకేచోట దొరకడం బందరులో కూడా అరుదు.

ఆదివారం వచ్చింది. అక్షిత పిండి కలిపింది. గిన్నె నాకింది. కేకు ఒక పక్క కాస్త మాడి, మరో పక్క కాస్త కుంగి, మొత్తం మీద కేకులాగే వచ్చింది. దాని మీద జెమ్స్ బిళ్లలు తనకి నచ్చినట్టు గుచ్చుకుని, పువ్వుల గౌను వేసుకుని మూడున్నరకే గుమ్మంలో నిలబడింది.

నాలుగింటికి పిల్లలు రాలేదు. పెద్దలు వచ్చారు. వెలిసిన చీరల్లో, ఇస్త్రీ లేని చొక్కాల్లో, తలొక సంచీలో బత్తాయిలతో వచ్చి చెప్పులు చప్పుడు కాకుండా విడిచి, వరండాలో కుర్చీల మీద సర్దుకుని నేల చూపులు చూశారు. పుట్టినరోజుకి బత్తాయిలేమిటో శ్రీవిద్యకి అర్థం కాలేదు. పిల్లలు వెనకాల వస్తారేమో అనుకుంది.

నాగమల్లేశ్వరి ఆమె చెయ్యి పట్టుకుని నిట్టూర్చింది.

"ఏం చేస్తామండీ శ్రీవిద్యగారూ. మన చేతుల్లో ఏముంది చెప్పండి."

ఫంక్షన్ హాలు లేనందుకు ఓదారుస్తోంది కాబోలనుకుంది శ్రీవిద్య.

"అయ్యో, ఇది మన చేతుల్లోదేనండీ. మేం కావాలనే చేశాం" అంది నవ్వుతూ.

నాగమల్లేశ్వరి చెయ్యి వదిలేసింది.

"కావాలనా?"

"అవునండీ. ఎన్నాళ్లని మోస్తాం? ఎవరేమనుకుంటారో అని ఇన్నాళ్లూ భరించాం. ఈసారి ధైర్యం చేసి వదిలించేసుకున్నాం. ఆయన ముందు కాస్త జంకారు గానీ, నేనే ఒప్పించాను. ప్రాణం ఎంత తేలికగా ఉందో తెలుసా? మీరు కూడా ఒకసారి చేసి చూడండి."

అత్తగారితో ఒకే కప్పు కింద ఉంటున్న నాగమల్లేశ్వరి ఈ సలహాకి తెల్లబోయింది. అయినా కుర్చీ మాత్రం ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

ఇంతలో అక్షిత కేకు ముక్కలు పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. మొదటి కుర్చీ ఆవిడ "ఈ పూట తినకూడదమ్మా" అంది. రెండో కుర్చీ ఆయన పిల్ల తల నిమిరి కళ్లొత్తుకున్నాడు. మూడో ఆవిడ చేతులు వెనక్కి లాక్కుంది. అలా ఆ పళ్లెం పన్నెండు కుర్చీలూ తిరిగి ఒక్క ముక్క కూడా తగ్గకుండా తల్లి దగ్గరికి వచ్చింది.

"నా కేకు బాగోలేదా అమ్మా?"

కూతురికి ఇంత చిన్న కోరిక కూడా తీర్చలేకపోయానే, పొగా హంసా పెట్టించి ఉంటే కనీసం పిల్లలైనా వచ్చేవాళ్లే అని శ్రీవిద్యకి మొదటిసారి తన మీద తనకే కోపం వచ్చింది. అక్షిత పళ్లెం పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

పిల్ల లోపలికి వెళ్లిందని రూఢి చేసుకుని, కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి మధుసూదనరావుగారు లేచారు. ఆయన ముప్ఫై ఆరేళ్లు సర్కారు ఆఫీసులో సర్క్యులర్లు రాసి పదవీ విరమణ చేసిన మనిషి. నలుగురు కూర్చుని ఉండగా తాను ఊరకే కూర్చోవడం ఆయన ఆరోగ్యానికి పడదు.

"గౌరవనీయ కాలనీ వాసులారా! పుట్టిన ప్రతి ప్రాణీ గిట్టక తప్పదన్న సంగతిని ఈ సందర్భంగా మీ దృష్టికి తీసుకురావడమైనది. కోడూరు వాస్తవ్యులు దుర్గాంబగారి ఆకస్మిక మరణం ఈ కుటుంబానికే కాక మన సంఘానికి కూడా తీరని లోటు. ఆమె నిగర్వి, మితభాషి. కోడల్ని కూతురిలా చూసుకున్న మహా ఇల్లాలు..."

ఉలిక్కిపడి తలెత్తిన శ్రీవిద్యకి, మధుసూదనరావుగారి వెనకాల, గేటు దగ్గర, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చేతిలో సున్నుండల డబ్బాతో అత్తగారు నిలబడి కనిపించింది. కోడూరు బస్సు దిగి ఆటోలో వచ్చిన దుర్గాంబగారు అప్పటికే చాలాసేపటి నుంచి వింటున్నట్టుంది. కోడలిని చూసి ఉష్ అన్నట్టు పెదవుల మీద వేలు పెట్టుకుంది. నాగమల్లేశ్వరి కూడా చూసింది. చూసి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది గానీ, కార్యదర్శిగారు మాట్లాడేటప్పుడు అడ్డు తగలకూడదన్న సంఘం నియమావళి గుర్తొచ్చి ఊరుకుంది.

మధుసూదనరావుగారు రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా కోరారు. అందరూ లేచారు. దుర్గాంబగారు కూడా డబ్బా కింద పెట్టి, చేతులు కట్టుకుని, తన ఆత్మశాంతి కోసం రెండు నిమిషాలూ నిక్కచ్చిగా మౌనం పాటించింది. ఆ తర్వాత గొంతు సవరించుకుంది.

"బాబూ, ఆ కోడల్ని కూతురిలా చూసుకోవడం సంగతి ఇంకొక్కసారి చెప్పండి. మా అమ్మాయికి సరిగ్గా వినపడిందో లేదో."

ఇటువంటి సమయంలో పెద్దలు సంతోషిస్తారని మీరు అనుకుంటే మీకు కాలనీల సంగతి తెలియదన్నమాట. మధుసూదనరావుగారి మొహం మాడిపోయింది. "బతికి ఉన్నట్టు ముందే తెలియజేయవలసిన బాధ్యత మీ మీద లేదా?" అని ఆయన, అప్పుడే లోపలి నుంచి వచ్చిన కిరణ్ కుమార్‌ని నిలదీశారు. ఒక్క ఫ్లెక్సీ కట్టి ఉంటే ఇంత దూరం వచ్చేదా అని ఒకరు, మా బత్తాయిల సంగతేమిటని ఇంకొకరు. వచ్చినవాళ్లు వచ్చినట్టే, వెళ్లొస్తామని కూడా అనకుండా కదిలారు.

"టాటా చెప్పకుండా వెళ్తున్నారేంటి నానమ్మా?" అంది వంటింట్లోంచి వచ్చిన అక్షిత.

"చావింటికొచ్చామనుకున్నారే తల్లీ. పోయినవాళ్ల ఫొటోకి పూలదండ వేసి, దీపం పెట్టి, దాని ముందు కదలకుండా కూర్చుంటారు. ఏమీ తినరు, నవ్వరు. వెళ్లేటప్పుడు వెళ్లొస్తామని చెప్పరు" అంది దుర్గాంబగారు. మనవరాలి మొహం చూసి, "అమ్మాయ్, నువ్వు కేకు బయట పెట్టు" అని కోడలికి చెప్పి, తానే వీధిలోకి వెళ్లి డాబాల వైపు తలెత్తి కేక పెట్టింది. "పిల్లల్లారా! నేను పోలేదు, రండర్రా!"

పదకొండుమంది పిల్లలు ఎక్కడెక్కడి నుంచో ఊడిపడ్డారు. కేకు రెండు నిమిషాల్లో అయిపోయింది. కుక్కరు గిన్నె కోసం హారికా అక్షితా కొట్టుకుని, చెరో వైపు నుంచి గోకి తిన్నారు. బత్తాయిలతో బంతాట ఆడారు. దాగుడుమూతల్లో దుర్గాంబగారే దొంగ. కన్ను ఇంకా బాగా ఆనడం లేదేమో, ఆవిడ ఎవర్నీ పట్టుకోలేకపోయింది. ఆ రాత్రి నిద్రపోయే ముందు అక్షిత "రేపు కూడా పుట్టినరోజు చేసుకుందామా?" అంది. శ్రీవిద్యకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

సోమవారం సంఘం అత్యవసర సమావేశం జరిగింది. శుభకార్యం తలపెట్టిన ప్రతి ఇల్లూ మూడు రోజుల ముందుగా ఆరడుగులకు తగ్గని ఫ్లెక్సీ కట్టవలెననీ, కట్టనిచో జరగబోవు పరామర్శలకు సంఘం బాధ్యత వహించజాలదనీ తీర్మానించారు.

కథ ఇక్కడితో అయిపోయేదే. కానీ హారిక ఇంటికెళ్లి, నా పుట్టినరోజు కూడా అక్షిత పుట్టినరోజులాగే చేయాలని మంకుపట్టు పట్టింది. నాగమల్లేశ్వరి ప్రేమగల తల్లి. వెంటనే గుడివాడ ప్రసాద్‌కి ఫోన్ చేసింది.

ఆ విధంగా అక్టోబరు నెలలో, ఫంక్షన్ హాల్లో, "నిరాడంబర జన్మదిన మహోత్సవం" అంగరంగ వైభవంగా జరిగింది. ఆడంబరాలకు మేము దూరం అని పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టారు. ఒక పక్క మాడినట్టు, మరో పక్క కుంగినట్టు కేకు తయారుచేయడానికి ప్రత్యేకంగా మనిషి వచ్చాడు. పైపొర తప్ప మిగతాది థర్మోకోలు. లారీ ఇసుక పోయించి, చుట్టూ తాడు కట్టి, ఫొటోలకు మాత్రమే అని బోర్డు పెట్టారు. కంటిచూపు దివ్యంగా ఉన్న హారిక నానమ్మకి నల్లకళ్లద్దాలు పెట్టి, డ్రోను సరిగ్గా తీసేదాకా నాలుగుసార్లు ఆటో దింపారు. వేదిక మీద హారిక నిలువెత్తు ఫొటోకి చామంతి దండ వేసి, ముందు దీపం వెలిగించారు. పిల్లలందరికీ ఒకే రకం నేత బట్టలు తొడిగి, నలగకుండా కుర్చీల్లో కూర్చోబెట్టారు. డ్రోను దిగేదాకా కేకు ముట్టుకోరాదని మైకులో రెండుసార్లు హెచ్చరించారు. మధుసూదనరావుగారు నిరాడంబరత గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. నడుమ కుర్చీలో హారిక కాళ్లు కూడా ఊపకుండా కూర్చుంది. పెద్దలందరూ తలలు వంచుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఎవరూ ఏమీ తినడం లేదు. ఎవరూ నవ్వడం లేదు.

అక్షిత చాలాసేపు ఆ ఫొటో వైపు, ఆ దండ వైపు, ఆ తలల వైపు చూసింది. తర్వాత తల్లి చెవి దగ్గరికి వంగింది.

"అమ్మా, వీళ్లింట్లో ఎవరు పోయారు?"

మెల్లగానే అడిగింది. మూడో వరుసలో ఫోన్ చూసుకుంటున్న మీకు వినపడి ఉండదు.

శ్రీవిద్య కూతురి చెయ్యి పట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర నాగమల్లేశ్వరి ఎదురొచ్చి, ఎలా ఉందండీ అన్నట్టు కళ్లెగరేసింది. శ్రీవిద్య ఆమె చెయ్యి ఒకసారి నొక్కి, వెళ్లొస్తామని చెప్పకుండా మెట్లు దిగింది.