ఆత్మీయ ఆలింగన పథకం

ఒక పెద్ద అడవిలో ఆ వేసవికి మిగిలింది ఒకే ఒక్క మడుగు. నీళ్లు తగ్గిన చోట ఆఫీసు పెరుగుతుంది కాబట్టి, మడుగు గట్టున వెంటనే ఒక సేవా కేంద్రం వెలిసింది. స్వాగతానికి చిలుక, పెత్తనానికి జంబుకేశం అనే నక్క. ఎక్కడో శిక్షణ పొంది వచ్చాడట. సన్మానంలో కప్పిన "ఉత్తమ సేవకుడు" శాలువాను మండుటెండలో కూడా దించడు.

ఆయన తెచ్చిన కొత్త పథకం ఆత్మీయ ఆలింగనం. నీళ్లకొచ్చిన ప్రతి ప్రాణినీ ఆయన స్వయంగా కౌగిలించుకుంటాడు. కౌగిలి పడందే నీళ్లలో మూతి పెట్టకూడదు.

చామంతి అనే ఎలుగుబంటి గొంతు పిడచకట్టుకుపోయి వరుసలో నిలబడింది. ఆమె మూతి చుట్టూ, కళ్ల చుట్టూ, ముంజేతుల మీదా బొల్లి మచ్చలు. చిన్నప్పుడు వాటి గురించి ఏడ్చేది. ఇప్పుడు ఆమె బాధల్లా దాహమే.

"నమస్కారం అమ్మా, మీ సేవే మా ఊపిరి!" అని గడగడా అప్పజెప్పిన చిలుక, తలెత్తి చూసి నాలుక కరుచుకుంది. "అయ్యో! ముఖం కాలిందా అమ్మా?"

"కాలలేదు."

"పిండేమైనా పడిందా? తుడుచుకోండి, తడిగుడ్డ ఇవ్వనా?"

"తుడిస్తే పోదు. బొల్లి. నొప్పి లేదు, అంటుకోదు. నాకు నీళ్లు కావాలి."

వెనక నిలబడ్డ అడవిపంది వైద్యం అందుకుంది. "వేపాకు నూరి రాయి పిల్లా. మా మేనత్త తోడికోడలికి అలాగే తగ్గింది."

"ఆవిడకీ బొల్లేనా?"

"కాదు, కాలు బెణికింది."

కుందేలు తన పిల్లల్ని వెనక్కి లాక్కుంది. "నేనేమీ అనుకోనమ్మా. ఎందుకైనా మంచిదని, అంతే."

జంబుకేశం చేతులు చాచుకుంటూ వచ్చాడు. చామంతిని చూడగానే ఆ చేతులు నమస్కారంగా ముడుచుకుపోయాయి.

"మీలాంటి వారికి ప్రత్యేక గౌరవం ఉండాలమ్మా. కొండ మీద రాతి సందులో ఎవరికీ పెద్దగా తెలియని చిన్న ఊట ఉంది. అది పూర్తిగా మీకే. ఇక్కడ అందరూ చూస్తుంటే మీకు ఇబ్బంది కదా?"

"నాకేం ఇబ్బంది లేదండీ. చూసేవాళ్లకుంటే వాళ్లని కొండెక్కించండి."

"అపార్థం చేసుకోకండి. మీ మేలు కోరే చెబుతున్నా."

"మా ఎలుగులందరికీ ఛాతీ మీద తెల్లని గీత ఉంటుంది. దాన్ని అందమంటారు. అదే తెలుపు మూతి మీదికొస్తే రోగమా? ఏ కొలబద్దతో కొలిచారు సార్?"

జంబుకేశం శాలువా లోపలికి చెయ్యి పోనిచ్చి వీపు గీక్కుంటూ చిరునవ్వు నవ్వాడు. శిక్షణలో నేర్పినట్టే "తర్వాతి వారు!" అని పిలిచాడు. వరుస ముందుకు జరిగింది. చామంతి కొండెక్కింది. ఊట నీళ్లు చల్లగా, తియ్యగా ఉన్నాయి. అయినా తాగుతున్నంతసేపూ ఆమె కింద మడుగు వైపే చూసింది.

వారం తిరక్కుండా అడవంతా గీక్కోవడం మొదలుపెట్టింది. పంది కనిపించిన ప్రతి చెట్టుకూ రాసుకుంటోంది. కుందేళ్లకు బొచ్చు కుచ్చులు కుచ్చులుగా రాలుతోంది. మడుగు గట్టున సభ పెట్టారు. అధ్యక్షుడు, ఇంకెవరు, జంబుకేశమే.

"ఇదంతా ఆ మచ్చలావిడ అంటించిందే! అడవి నుంచి వెళ్లగొట్టాలి!"

చామంతి సభ మధ్యకు వచ్చి నిలబడింది. ఆమె పుట్టిన అడవి అది.

"నేనెవర్ని ముట్టుకున్నాను? ఈ అడవిలో మీ కౌగిలి దక్కనిది నాకొక్కదానికే. దురద లేనిదీ నాకొక్కదానికే. మరి మిగతా అందర్నీ వాటేసుకున్నదెవరు?"

తలలన్నీ అధ్యక్షుడి వైపు తిరిగాయి. జంబుకేశం జవాబు చెప్పబోయాడు గానీ, పాపం, దురద ఆగనివ్వలేదు. పక్కనున్న బండకేసి వీపు బరబరా రుద్దాడు. శాలువా జారిపోయింది. దాని కింద బొచ్చన్నది లేదు. వీపంతా పుళ్లు పడిన గజ్జి.

సభ నోరెళ్లబెట్టింది. చిలుక ఒక్కతే అలవాటు కొద్దీ పలికింది: "తుడుచుకోండి సార్, తడిగుడ్డ ఇవ్వనా?"

"గజ్జి రావడం తప్పు కాదు సార్," అంది చామంతి. "దాన్ని శాలువా కింద దాచుకుని నన్ను కొండెక్కించారు చూడండీ, అదీ తప్పు."

కుందేలు గొంతు సవరించుకుంది. "చామంతక్కా, ఆ ఊట దగ్గరికి మేమూ రావచ్చా?"

"రండి. నీళ్లు అందరివీ. కౌగిలింతలు మాత్రం వద్దు."

సభ ఊరికే లేస్తే మర్యాద కాదు కదా, లేచేముందు ఒక తీర్మానం చేసింది: జంబుకేశానికి ఇంకో శాలువా కప్పాలి, ఈసారి కాస్త పొడవైనది.

ఆ అడవి నేర్చుకున్న నీతి ఒక్కటే: కనిపించే మచ్చను కొండెక్కించు, కనిపించని గజ్జిని కౌగిలించుకో.