ముద్దాయి కుర్చీలో ఆటో స్టార్టరు

మనిషి బుర్రలోంచి పుట్టిన వస్తువుల్లో ఆటో స్టార్టరంత పుణ్యప్రదమైనది ఇంకొకటి లేదని ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి! చక్రం గొప్పదే, కాదనను. కానీ చక్రం కింద ఎవడైనా పడితే జనం బండి తోలినవాణ్ణి పట్టుకుంటారు. ఆటో స్టార్టరుతో ఆ బెడద లేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పొలంలో బోరు మోటారుకి కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. రైతు నిద్ర మానుకుని దాని కోసం కాచుకుని కూర్చోలేడు గదా! అందుకని మోటారుకి ఒక చిన్న డబ్బా తగిలిస్తాడు. కరెంటు రాగానే అదే మోటారు వేస్తుంది. రైతు ఇంట్లో గుర్రు పెడుతుంటాడు, నీళ్ళు పొలంలో పారుతుంటాయి. ఇంతకన్నా స్వర్గం ఎక్కడుంది?

గుంటూరు పక్కన నల్లపాడు దాటాక మిర్చి, పత్తి పొలాల మధ్య ఒక ఊరుంది. అక్కడ ఈ డబ్బా చేసిన ఘనకార్యం వింటే మీరూ నా పార్టీలో చేరతారు. ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే పక్క ఊళ్ళవాళ్ళు, మాకేం తక్కువయిందని అలుగుతారు.

ఆ ఊళ్ళో యలమందయ్య అనే రైతు ఉన్నాడు. మంచివాడు, ఒకరి జోలికి పోయే రకం కాదు. ఒక సాయంత్రం మొక్కజొన్న చేనుకి తడి పెడదామని పైపు పరిచి, స్టార్టరు ఆటోలో పెట్టి ఇంటికొచ్చి పడుకున్నాడు. కరెంటు వచ్చింది, మోటారు తిరిగింది. పైపు మొన మాత్రం చేను వైపు కాకుండా, పక్కనే ఉన్న రెబ్కా కల్లం వైపు తిరిగి ఉంది. తెల్లారేసరికి కల్లంలో ఆరబోసిన మిరపకాయంతా నీళ్ళలో తేలుతోంది.

రెబ్కా కౌలు పొలంలో ఏడాదంతా నడుం విరగ్గొట్టుకుని పండించిన పంట అదే. ఇంకో గింజ లేదు, ఇంకో ఆధారం లేదు. తడిసిన కాయను ఆ పూటే ఎత్తి, పొడి నేల మీద పల్చగా పొయ్యకపోతే బూజు పట్టి తెల్లబడిపోతుంది. అలా తాలుగా మారిన కాయని గుంటూరు యార్డుకి తీసుకెళితే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిన్నగా యలమందయ్య ఇంటికొచ్చి గుమ్మం బయట నిలబడింది.

"మీ డాబా ఖాళీగానే ఉంది గదండీ. కాయ అక్కడ పోసుకుంటాను. నలుగురు చెయ్యేస్తే పొద్దెక్కేలోపు ఎత్తేసుకోవచ్చు" అంది.

యలమందయ్య సరేననబోయాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో మనసులో మరో ఆలోచన మెదిలింది. డాబా ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టు కాదూ? రేపు నలుగురూ వేలెత్తి చూపించరూ?

"ముందు తప్పెవరిదో తేలనీ రెబ్కా. తేలాక చూద్దాం" అన్నాడు.

చూశారా ఎంత సూక్ష్మబుద్ధో! ఇల్లు అంటుకుంటే నీళ్ళు పొయ్యడం మోటు పని. ఎందుకు అంటుకుందో చర్చించడం కదా నాగరికత!

ఈ నాగరికత కాసేపట్లోనే ఊరంతా పాకింది. సాయానికొచ్చినవాళ్ళు లుంగీలు ఎగ్గట్టారు, గంపల మీద చేతులు వేశారు. అంతలో ఎవరికో సందేహం వచ్చింది. మనం ఎత్తితే తప్పు మనదనుకోరా? అంతే, గంపలు ఎక్కడివక్కడ దించేసి అందరూ గట్టు మీద కూర్చున్నారు. రెబ్కా ఒక్కతే దోసిళ్ళతో కాయ ఎత్తి గట్టు మీద పోసుకుంటోంది.

గుడి పూజారి గారు వచ్చారు. ఇది పూర్వజన్మ కర్మ అన్నారు. ఎవరి కర్మ అని అడిగితే, నీళ్ళు ఎవరి కాయ మీదికి వెళ్ళాయో వాళ్ళదే అన్నారు. చర్చి పాస్టరు జయపాల్ గారు అందుకు ఒప్పుకోలేదు. రెబ్కా ఆయన సంఘస్తురాలు మరి! కర్మ లేదు గిర్మ లేదు, ఇది సాతాను శోధన అన్నారు. పైపు మొన తిప్పింది ముమ్మాటికీ వాడేనని తేల్చారు.

ఈ ఇద్దరికీ గుడి మైకు, చర్చి మైకుల గొడవలో మాటలు ఆగిపోయి చాలా కాలమయింది. అలాంటివాళ్ళు మధ్యాహ్నానికి రాజీకొచ్చారు. కర్మ దారి చూపించిందట, సాతాను నీళ్ళు తోలాడట! ఇద్దరూ ఒకే సోడా పంచుకుని తాగారు. మతసామరస్యం కావాలని సభలు పెట్టి గొంతులు చించుకునే పెద్దలారా, ఊరికో ఆటో స్టార్టరు బిగించండి, చాలు!

అప్పుడు చైతన్యకృష్ణ లేచాడు. బీటెక్ చదివి, డ్రోనుతో చేలకు మందు కొట్టే కుర్రాడు. కర్మా సాతానూ రెండూ పాతకాలం మాటలన్నాడు. మోటారు వెయ్యాలని నిర్ణయం తీసుకున్నది ఎవరు? డబ్బా! నిర్ణయం ఎవరిదో బాధ్యత వాళ్ళదే గదా అన్నాడు.

ఆహా అన్నారంతా. వెంటనే ఇద్దరు వెళ్ళి స్టార్టరు ఊడదీసి, తువ్వాలులో చుట్టి తెచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. నీళ్ళు ఎందుకు వదిలావని గట్టిగా అడిగారు. డబ్బా మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారం గనుక సగం తప్పు దానిదని రుజువైపోయింది. మిగిలిన సగాన్ని కర్మకీ సాతానుకీ సమానంగా పంచారు. వారం రోజులు డబ్బాకి కరెంటు బంద్ అని శిక్ష కూడా వేశారు. కానీ మొక్కజొన్న ఎండిపోతుందని యలమందయ్య మొత్తుకోవడంతో, దయ తలచి, ముద్దాయిని ఆ సాయంత్రమే మళ్ళీ డ్యూటీలో పెట్టారు.

నిర్దోషి అని ఊరంతా తేల్చిన యలమందయ్యకి ఎందుకో ఆ పూట అన్నం సహించలేదు. ఛాతీలో ఏదో బరువు. భార్య కోటిరత్నం ఏమయిందంటే గ్యాస్ అన్నాడు. ఆవిడ వాము నీళ్ళు ఇచ్చింది. తాగాడు, తగ్గలేదు. రెబ్కా మొహమే గుర్తొస్తోంది. వాముకి లొంగని గ్యాస్ ఇంకోటి ఉంటుందని పెళ్ళాంతో చెప్పుకోలేక అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే టీ కొట్టుకి పోయి, తిరిగి వచ్చేసరికి దగ్గు, తుమ్ములు. తలెత్తి చూస్తే ఏముంది? డాబా నిండా మిరపకాయే! మెట్ల గేటు బార్లా తీసి ఉంది. కోటిరత్నం ముక్కుకి కొంగు కట్టుకుని, ఏమీ ఎరగనట్టు వాకిలి ఊడుస్తోంది.

యలమందయ్య వీధి అదిరేలా అరిచాడు. ఊరు మళ్ళీ పోగయింది. పాస్టరు గారూ, పూజారి గారూ పక్కపక్కనే నిలబడ్డారు.

రెబ్కా డాబా మీద కూర్చునే, కాయ తిరగేస్తూ నెమ్మదిగా చెప్పింది.

"ఎవరూ పొయ్యలేదండీ. నా కర్మ మెట్లు చూపించింది, సాతాను మోసుకొచ్చాడు."

"కాయ దానంతటదే మెట్లెక్కిద్దా? చేసినోళ్ళు లేకుండా ఎట్టా అయిద్దే?" అన్నాడు యలమందయ్య.

నిన్న పొద్దున్నుంచీ అంత వాదించుకున్న జనానికి తట్టని ప్రశ్న అది. అడిగినవాడికే ముందుగా తగిలింది. యలమందయ్య పూజారి వైపు చూశాడు, ఆయన ఆకాశం వైపు చూశారు. పాస్టరు వైపు చూశాడు, ఆయన ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నారు. నిన్న తన కోసం నోళ్ళు నొప్పెట్టేలా వాదించినవాళ్ళు ఒక్కొక్కరే జారుకుంటున్నారు.

యలమందయ్య మెట్లెక్కి పైకి వెళ్ళాడు.

"ఆటోలో పెట్టింది నేనేనమ్మా. పైపు నీ కల్లం వైపు ఉందని చూశా. తిప్పటానికి బద్ధకించి, కరెంటు ఇప్పుడెక్కడొచ్చిద్దిలే అని పోయి పడుకున్నా. తప్పు నాదే" అన్నాడు.

నాకు గుండె ఆగినంత పనయింది! ఊరు ఊరంతా కష్టపడి ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చిన నిర్దోషిత్వాన్ని ఆయన ఎండు మిరపకాయల్లో పారేశాడు.

రెబ్కా సంతోషించిందా? లేదు. తెల్లబడిన కాయ ఒకటి తీసి పక్కన పడేసింది. ఇంకొకటి తీసింది. ఆ పక్కన పడ్డ కుప్పే పెద్దదిగా ఉంది.

"ఆ ముక్క నిన్న పొద్దున్నే అనుంటే, సగం కాయన్నా దక్కేది గదండీ" అంది.